ఊరి గుట్ట మీద విదేశీ పైసలతోని అడవి పెంచుతరట, సంతకం పెట్టే ముందు ఏం అడగాలె?

గుట్టకింది_బిడ్డ

అందరికీ నమస్తే. మాది ములుగు దిక్కు ఒక చిన్న ఊరు. ఊరికి తూర్పున గుట్ట, గుట్ట కింద చెరువు. గుట్టల కొంత ఫారెస్టోళ్ళ హద్దురాళ్ళ లోపల ఉంటది, కొంత ఊరి బంచరాయి, అంటే ఊరందరి మేత జాగ. మా నాయన చిన్నగున్నప్పుడు పట్టపగలు ఒక్కడు పోవాల్నంటే భయమయ్యేదట, అంత చిక్కటి అడవి, తునికి, మొర్రి, ఇప్ప, నల్లమద్ది, ఎండాకాలం వచ్చిందంటే పిల్లలు పొద్దుందాక మొర్రిపండ్ల కాడనే. ఇప్పుడు పోయి చూస్తే ఎర్రమట్టి, రాళ్ళు, మోకాలెత్తు పొదలు. వంటచెరుకుకు కొట్టిన్రు, బొగ్గుకు కొట్టిన్రు, ఇండ్ల వాసాలకు కొట్టిన్రు, ఎవరో బయటోళ్ళు కాదు మనోళ్ళే. వాన పడితే మన్నంతా కొట్టుకొచ్చి చెరువుల పడ్తది. మిషన్ కాకతీయల పూడిక తీసి చెలకలకు తోలుకున్నం, ఇప్పుడు మళ్ళ తూము కాడికి మట్టి వచ్చింది.

పోయిన నెల ముగ్గురు మనుషులు కారేసుకొని వచ్చిన్రు. విదేశీ కంపెనీల పైసలట, కార్బన్ క్రెడిట్లట, అంటే చెట్లు గాలిల కార్బన్ పీల్చుకున్నందుకు వచ్చే పైసలట, ఊరికి ఒక్క రూపాయి ఖర్చు లేదట, గుట్ట మీద లక్ష మొక్కలు పెడతరట, 30 ఏండ్ల అగ్రిమెంటు. ఏం మొక్కలంటే టేకు, జామాయిల్, కొంత సుబాబుల్. చుట్టూ కంచె వేసి మేకలు గొర్రెలు బంద్ చెయ్యాలంటున్రు. మా ఊర్ల గొల్లకురుమలయి నలభై ఇండ్లు ఉంటయి, 2017ల గొర్రెల పంపిణీ అయినప్పటి సంది మందలు ఇంకా పెరిగినయి, ఆ మందలు ఏడికి పోవాలె? పెద్దమనుషులు మాత్రం ఉత్తగనే వస్తుంటే వద్దంటమా అని సంతకానికి తయారుగ ఉన్నరు.

నాకు ఆ గుట్ట మళ్ళ పచ్చగ కావాలె, అడ్డం పడాలని లేదు. ఊరికె భయమైతంది. రెండు సంగతులు చెప్పుండ్రి. ఇట్ల బయటి దేశాల సాయంతోని పోయిన అడవి నిజంగ వాపస్ వచ్చిన జాగలు ఉన్నయా? సంతకానికి ముందు మేం ఏం అడగాలె?

పాత_బీటు_నర్సంపేట

తమ్మీ, నేను అడవిశాఖల ముప్ఫై ఏండ్లకు పైన కొలువు చేసి రిటైర్ అయిన. కాయితం సంగతి తర్వాత, ముందుగాల నువ్వు ఆ గుట్ట ఎక్కు. చేతిల కత్తి పట్టుకొని పో. మోకాలెత్తు పొదలు అన్నవు గదా, అవి పొదలు కాకపోవచ్చు. కూసొని మొదలు కాడ మన్ను తీసి చూడు, చాలావరకు కొట్టేసిన చెట్ల మోళ్ళే ఉంటయి, కింద వేరు బతికే ఉంటది, ప్రతి వానకాలం పిలకలు పెడ్తది, మేక కొరుకుతది, ఎండాకాలం అగ్గి తగులుతది, మళ్ళ వానకు లేస్తది, ఇట్ల ఇరవై ముప్ఫై ఏండ్ల సంది ఆ చెట్టు పైకి రానీకి కొట్లాడుతుంటది. మనం దాన్ని ముండ్లకంప అనుకొని దాటిపోతం. టేకు, తునికి, మోదుగ, నల్లమద్ది అన్నీ ఇట్ల మోడు నుంచో వేరు నుంచో లేచే జాతులే.

ఒక్కో మోడుకు పది పదిహేను పిలకలు ఉంటయి. అండ్ల నిటారుగ ఉన్న రెండో మూడో ఉంచి కడమయి కోసెయ్యాలె, ఉంచిన పిలకలకు కింది సగం దాక పక్క రెమ్మలు తీసెయ్యాలె. ఎండాకాలం చివర, తొలకరికి ముందు చేస్తే బాగుంటది. ఖర్చు ఏముంది, కత్తి, కూలి. నర్సరీ మొక్కకు కొత్త జాగల వేరు పారనీకే ఏండ్లు పడ్తది, ఈ మోడుకు వేరు ఎప్పుడో రాతి సందులల్లకు దిగి ఉన్నది. గుంటలు తవ్వుడు పేరు మీద మిషన్ పెట్టి ఆ వేర్లను పీకేస్తే ఉన్నది కూడ పోతది, గిది మాత్రం చెయ్యనియ్యకుండ్రి, దండం పెట్టి చెప్తున్న.

మోళ్ళు లేని బోడి జాగలల్లనే మొక్కలు పెట్టాలె. అక్కడ కూడ జామాయిల్ ఎందుకు? ఆ ఆకు మేక ముట్టది, తినే పండు లేదు, పిట్టలు కూడ తక్కువనే ఉంటయి. ఉసిరి, మొర్రి, పరికి, నేరేడు, రావి, మర్రి పెట్టమను. ఇప్పకు నర్సరీ అక్కరలేదు, గింజ రాలంగనే తెచ్చి అదే వానల పెట్టాలె, దాచిపెడితే మొలకెత్తే గుణం తొందరగ పోతది. హరితహారం షురూ అయినప్పుడు వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె అన్నరు, మంచి మాట. పండ్లచెట్టు లేని అడవికి కోతి ఎట్ల పోతది చెప్పు.

ఇంకోటి, మొక్క కన్నా ముందు నీళ్ళు. గుట్ట వాలుకు అడ్డంగ కందకాలు తియ్యాలె, కరువుపనిల పెట్టించుకోవచ్చు. అప్పుడే నీ చెరువుల పడే మన్ను ఆగుతది. కాకతీయులు పాఖాల చెరువు కట్టి ఎనిమిది వందల ఏండ్లు అయితంది, ఇంకా నిండుతుందంటే కట్ట గొప్పతనం ఒక్కటే కాదు, మీద అడవి ఉండుడు కూడ. పైన అడవి పోయిన చెరువుకు ఎన్నిసార్లు పూడిక తీసినా అంతే.

హన్మకొండ_నుంచి_బాన్

అన్నా, నేను హన్మకొండోణ్ణి, ఇప్పుడు జర్మనీలో బాన్‌లో ఉంటున్న, చదువు ఈ భూముల సంగతి మీదనే. పైన సార్ చెప్పింది చదివి రోమాలు నిక్కబొడుచుకున్నయి, ఎందుకంటే అచ్చం ఇదే సంగతి ఆఫ్రికాలోని నైజర్ దేశంలో జరిగింది. 1983లో టోనీ రినాడో అని ఒక ఆస్ట్రేలియా ఆయన మరాడి అనే ప్రాంతంలో పనిచేస్తుండె. ఏండ్ల తరబడి మొక్కలు పెట్టిన్రు, దాదాపు అన్నీ చచ్చిపోయినయి. ఒకరోజు బండి ఇసుకలో కూరుకుపోకుండ టైర్లలో గాలి తీద్దామని దిగి, పక్కన పొద దగ్గరికి పోయి చూస్తే అది పొద కాదు, కొట్టేసిన చెట్టు మోడుకు వచ్చిన పిలకలు. ఆ బయలంతా అవే. నేల కింద ఒక అడవి ఉన్నట్టు. అక్కడి నుంచి రైతులతో పిలకలు కాపాడే పని మొదలైంది, తర్వాతి ఇరవై ఏండ్లలో నైజర్‌లో 50 లక్షల హెక్టార్ల దాక చెట్లు తిరిగొచ్చినయని లెక్క. హెక్టారు అంటే రెండున్నర ఎకరాలు.

కానీ అండ్ల అసలు మలుపు కత్తి కాదన్నా. ఫ్రెంచి వాళ్ళ కాలం నుంచి వచ్చిన చట్టం ప్రకారం పొలంలో ఉన్న చెట్టు కూడ సర్కారుదే, కొమ్మ కొడితే జరిమానా. నాది కాని చెట్టును నేనెందుకు పెంచాలె అని రైతు చిన్నగున్నప్పుడే పీకేసేటోడు. ఆ కట్టడి సడలి, చెట్టు నాది అనే నమ్మకం వచ్చినంక మనుషులు వాళ్ళంతట వాళ్ళే పెంచిన్రు.

కార్బన్ పైసలతో చేసింది కావాల్నంటే ఇథియోపియాలో హుంబో చూడండి. బోడి కొండ, 2,700 హెక్టార్ల పైచిలుకు. వరల్డ్ విజన్ సంస్థ పని చేయించింది, ప్రపంచ బ్యాంకు ఫండ్ క్రెడిట్లు కొన్నది. అక్కడ కూడ ఎక్కువ భాగం మోళ్ళ నుంచి పెంచినదే. ఊర్లోళ్ళు ఏడు సహకార సంఘాలు పెట్టుకున్నరు, ఆ కొండ మీద వాడుకునే హక్కు ఆ సంఘాల పేరు మీద రాసిచ్చిన్రు, క్రెడిట్ పైసలు వాటికే వచ్చినయి. పశువులు పోనియ్యలే గని గడ్డి కోసుకొచ్చి ఇంటికాడ వేసుకోనిచ్చిన్రు.

ఎదురుదెబ్బలు కూడ ఉన్నయి. 2007లో ఆఫ్రికా దేశాల కూటమి సెనెగల్ నుంచి జిబౌటి దాక 8,000 కిలోమీటర్ల చెట్లతో పచ్చటి గోడ అన్నది. మొదట్లో మొక్కల వరుసలు పెట్టిన చోట నీళ్ళు లేక, చూసేటోళ్ళు లేక చాలా చచ్చిపోయినయి. తర్వాత గోడ ఆలోచన పక్కనపెట్టి ఊరూరా నేలను బాగుచేసుకునే పని అన్నరు. 2021 జనవరిలో దానికి 1,400 కోట్ల డాలర్ల పైన ఇస్తమని దేశాలు, బ్యాంకులు మాట ఇచ్చినయి. మాట ఇచ్చిన పైసలు, గుట్ట మీదికి చేరిన పైసలు ఒకటి కావు, ఇది గుర్తుపెట్టుకోండి.

ఈ లక్ష మొక్కల మోజు ఎక్కడిదంటే, ఇదే బాన్‌లో 2011లో జర్మనీ ప్రభుత్వం, ఐయూసీఎన్ అనే ప్రకృతి రక్షణ సంస్థ కలిసి బాన్ ఛాలెంజ్ అని పెట్టినయి, 2030కి 35 కోట్ల హెక్టార్ల పాడైన భూమిని బాగుచెయ్యాలె అనేది ఇప్పుడు టార్గెట్. మన దేశం 2015లో పారిస్‌లో 2.1 కోట్ల హెక్టార్లు అన్నది, 2019లో ఢిల్లీ సదస్సులో దాన్ని 2.6 కోట్లు చేసింది. ఇస్రో అట్లాస్ చూస్తే మన దేశంలో పాడైన భూమి 9.78 కోట్ల హెక్టార్లు, దాదాపు మూడోవంతు, కాబట్టి చెయ్యాల్సిన పనే, నేను మనస్ఫూర్తిగ నమ్మేదే. కానీ హెక్టార్లు లెక్కపెట్టేటోళ్ళకు అండ్ల జామాయిల్ ఉన్నా మొర్రి ఉన్నా ఒకటే పడ్తది. మన అటవీ సర్వేలో కూడ హెక్టారు, ఆపైన జాగల పైనుంచి చెట్ల నీడ 10 శాతం కనబడితే అడవి కిందనే లెక్క, ఏ జాతి, ఎవరి భూమి అని చూడరు.

ఇగ అడగాల్సినయి. భూమి ఎవరిది, ముందుగాల సర్వే చేయించి ఫారెస్టు ఎంత, బంచరాయి ఎంత, పట్టా ఎంత తేల్చుండ్రి, ఫారెస్టు హద్దు లోపలి జాగకు ఊరు ఒక్కటే సంతకం పెడితే నడవదు. ఒక క్రెడిట్ అంటే చెట్లు గాలిలోంచి పీల్చుకున్న ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్, అది చెట్టు పెరిగి, కొలిచి, బయటి సంస్థ తనిఖీ చేసినంక గని రాదు, అంటే ఏండ్లు పడ్తది, అప్పటిదాక కాపలా కూలి ఎవరిస్తరు? క్రెడిట్ అమ్మిన రేటు ఊరికి చూపిస్తరా, అండ్ల ఊరి వాటా ఎంత? అగ్గి తగిలితే నష్టం ఎవరి మీద? కంపెనీ ఈ అగ్రిమెంటును ఇంకొకరికి అమ్ముకోవచ్చా? 30 ఏండ్లంటే నీ బిడ్డలు పెండ్లిళ్ళు చేసుకునే దాక అన్నా, తెలుగులో రాసిన అగ్రిమెంటు చేతికి రాకుండ ఎవ్వరినీ పెట్టనియ్యకు.

ఏటూరునాగారం_అక్క

తమ్ముడూ, నేను గూడెం ఆడిదాన్ని, నాకు బాన్ తెల్వది గని కంచె తెలుసు. ఇరవై ఏండ్ల కిందట మా కాడికి కూడ ఒక ప్రాజెక్టోళ్ళు వచ్చి సంఘం పెట్టి, చెట్లు మీకే అన్నరు. మా మామ దున్నుకునే పోడు చెలకల టేకు పెట్టిన్రు. సంఘం రిజిస్టర్‌ల మా మామ వేలిముద్ర ఉన్నది, ఏం చదివి వినిపించిన్రో ఆయనకు ఎరుక లేదు. తర్వాత ప్రాజెక్టు అయిపోయింది, ఆ చెలక వాపస్ రాలే, టేకు మీద హక్కు కూడ రాలే. ఆ ముసలాయన పోయేదాక ఆ గట్టు మీద పోయి కూసునేటోడు. అందుకే చెప్తున్న, పంచాయతీ తీర్మానం వేరు, గ్రామసభ వేరు. 2006 అటవీ హక్కుల చట్టంల పోడు పట్టాలు ఒక్కటే కాదు, ఊరంతా కలిసి అడవిని కాపాడుకొని నడుపుకునే సాముదాయిక హక్కు కూడ ఉన్నది, దానికి గ్రామసభల సగం మంది ఉండాలె, వచ్చినోళ్ళల్ల మూడోవంతు ఆడోళ్ళు ఉండాలె. ముందుగాల ఆ హక్కుకు దరఖాస్తు పెట్టుకోండ్రి, ఊరి చేతుల కాయితం ఉంటే ఏ కంపెనీ వచ్చినా ఎదురుంగ కూసొని మాట్లాడొచ్చు.

మందల సంగతి. మొత్తం గుట్ట ఒక్కసారి బంద్ పెడితే రాత్రి పూట తోలుతరు, కొట్లాటలు అయితయి. మా పక్క గూడెంల గుట్టను మూడు పాయలు చేసిన్రు, ఒక పాయ మూడేండ్లు బంద్, కడమ రెండిట్ల మేపుకోవచ్చు. బంద్ ఉన్న పాయల ఆడోళ్ళు కొడవలితోని గడ్డి కోసుకోవచ్చు. పిలక మేక నోటికి అందనంత ఎత్తు లేస్తే ఇంకో పాయకు పోవుడు. గొర్రె కంటే మేకతోనే పిలకకు ఎక్కువ బాధ, గొర్రె గడ్డి వెతుకుతది, మేక పైకి చూస్తది. ఏ పాయ ముందు బంద్ పెట్టాల్నో గొల్లకురుమలనే చెప్పమనుండ్రి, వాళ్ళకు తెలిసినంత ఎవ్వరికి తెల్వది.

అగ్గి మా దిక్కు ఎక్కువ ఇప్పపువ్వు ఏరుకునేటందుకు కింద ఆకు కాలవెట్టుడుతోని, తునికాకు చిగురు మంచిగ రావాలని పెట్టుడుతోని వస్తది. చెట్టు కింద ఆకు ఊడ్చి ఏరితే కాలవెట్టే పని లేదు, మేం అట్లనే చేస్తున్నం. 2024 ఆగస్టు 31న తాడ్వాయి మేడారం అడవిల గాలికి వేల చెట్లు పడ్డప్పుడు పోయి చూసి ఏడ్చిన, నా తల్లి తిరిగిన చెట్లు. పెద్ద చెట్టు పడుడు ఒక్క గంటల అయితది, నీ గుట్ట మీద లేచే పిలకను మాత్రం బంగారం లెక్క చూసుకో తమ్ముడూ.

గుట్టకింది_బిడ్డ

అందరికీ ఏమని చెప్పాలె, కండ్లల్ల నీళ్ళు వచ్చినయి. నిన్న పొద్దుగాల ఇద్దరు కురుమ కాకలను తోలుకొని గుట్ట ఎక్కిన. ఇరవై అడుగులు ఇటు, ఇరవై అడుగులు అటు వేసి పది జాగలల్ల లెక్కపెట్టినం. కొన్నిట్ల నలభై దాక మోళ్ళు ఉన్నయి, చాలావాటిల పదిహేను ఇరవై, రాతిబండ పక్కన ఒకచోట మూడే. పెద్ద కాక ఒక్కొక్కదాన్ని చేతితోని తడిమి ఇది తునికి, ఇది మద్ది, ఇది ఎవరో నాగలికి కొట్టిన నారేప అని చెప్తుంటే నేను ఇన్నేండ్లు దీని మీద నడిచి ఏం చూసిన అనిపించింది.

ఆ ముగ్గుర్లల్ల ఒకాయనకు ఫోన్ చేసి, లక్ష మొక్కల బదులు ఈ మోళ్ళను పెంచితే పైసలు ఇస్తరా, మొర్రి ఉసిరి పెడతరా, గుట్టను మూడు పాయలు చేస్తే ఒప్పుకుంటరా అని అడిగిన. పైవాళ్ళను అడిగి చెప్తమన్నడు. పెద్దమనుషులు కూడ అప్పటిదాక ఆగుదమన్నరు. సర్వేకు అర్జీ రేపు మండలంల ఇస్తున్నం. సార్, మీకు వీలైతే ఒక్కసారి మా ఊరికి వచ్చి పిలకలు ఎట్ల కొయ్యాల్నో మా పిల్లగాండ్లకు చూపిస్తరా?

పాత_బీటు_నర్సంపేట

వస్త తమ్మీ. మోకాళ్ళ నొప్పి ఉన్నది గని గుట్ట ఎక్కుత, ఎక్కకపోతే నిద్ర పట్టది. ఆ పెద్ద కాకను మాత్రం తప్పకుండ ఉండమను. కత్తులు ముందురోజే నూరిపెట్టుండ్రి, మొద్దు కత్తితోని కోస్తే పిలక చీలుతది.