గుడి కాటేజీకి పన్ను లేదు, ఎదురు లాడ్జికి ఉంది... ఇదెక్కడి లెక్కండీ?

లంకలాడ్జి:
నమస్కారం అండి. మాది కోనసీమలో ఒక గుడి ఊరు, పేరెందుకులెండి, శనివారం వస్తే గట్టు మీద కాలు పెట్టే చోటుండదు. మా నాన్నగారు కొబ్బరితోట అమ్మి కట్టిన 14 గదుల లాడ్జి ఉంది, గది 900. 2022 జూలై దాకా వెయ్యిలోపు గదికి జీఎస్టీ లేదు, అప్పుడు 12 శాతం వేశారు, 2025 సెప్టెంబర్ నుంచి 5 చేశారు. ఎదురుగా దేవస్థానం కాటేజీ కూడా 900లే, దానికి మాత్రం సున్నా! పైగా కాటేజీ రోడ్డు టూరిజం డబ్బుతోనే వేశారంటున్నారు. రోజూ దణ్ణం పెట్టుకునే గుడే, స్వామి మీద కోపమేం లేదు, కానీ నా పన్నుతో నాకే పోటీ పెడితే ఎలాగండీ?

ఆడిటర్‌గుమస్తా (భీమవరం):
రూల్ అంతేనండీ. రిజిస్టరైన మత ట్రస్టు ఇచ్చే గది అద్దె వెయ్యిలోపుంటే మినహాయింపు, వెయ్యి అయిందంటే వాళ్ళకీ పడుద్ది. కల్యాణమండపం రోజుకి 10 వేలలోపు, షాపు నెలకి 10 వేలలోపు అయినా అంతే. చర్చి, దర్గా, గురుద్వారా అన్నిటికీ ఒకటే రూలు. 2022లో అమృత్‌సర్ సరాయిల (గురుద్వారా వాళ్ళ యాత్రికుల వసతి గదులు) మీద పన్ను గొడవయ్యాక, గది గుడి ఆవరణ బయటున్నా మినహాయింపు వర్తిస్తుందన్నారు. అన్నట్టు మీ టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటుతోందా? దాటకపోతే మీకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు కదా.

పాలకొల్లు పెద్దాయన:
గుడేం ఊరికే తినట్లేదు బాబూ. 1987 ఎండోమెంట్స్ చట్టం కింద ఆదాయం ఉన్న గుళ్ళు ఏటా ప్రభుత్వానికి కాంట్రిబ్యూషన్ కట్టాలి, ఆదాయం లేని గుళ్ళని ఆదుకునే కామన్ గుడ్ ఫండ్‌కి వేరేగా కట్టాలి, అదెవరూ మాట్లాడరు. ఇక రోడ్డు, ఘాటు, మరుగుదొడ్డి అంటారా, అవి మతం ఖర్చెలా అవుతాయి? 2015 పుష్కరాల మొదటిరోజు రాజమండ్రి ఘాట్‌లో ఏమైందో మర్చిపోయారా. ఒక మతాన్ని పెంచడానికంటూ పన్ను కట్టమనకూడదనే రాజ్యాంగం 27వ అధికరణం పట్టుకుని హజ్ సబ్సిడీ మీద కోర్టుకెళ్తే, పన్నులో చిన్న భాగం పోతే తప్పులేదని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది.

సిన్సినాటి అమలాపురం:
మాకు ముప్పావుగంట దూరంలో, కెంటకీలో ఒక క్రైస్తవ సంస్థ వాళ్ళు బైబిల్లోని నోవహు ఓడని టూరిస్టుల కోసం కట్టారండీ, 510 అడుగుల పొడవు, 2016 జూలైలో తెరిచారు. అక్కడ టూరిజం ప్రాజెక్టు ఎవరు కట్టినా ఖర్చులో పావు వంతు దాకా సేల్స్ ట్యాక్స్ వెనక్కిచ్చే పథకం ఉంది, దాంట్లో వీళ్ళకి పదేళ్ళలో 18 మిలియన్ డాలర్ల దాకా వచ్చే లెక్క. ఉద్యోగాలు మా విశ్వాసం ఉన్నోళ్ళకే అనేసరికి 2014లో రాష్ట్రం కుదరదంది, వాళ్ళు కోర్టుకెక్కారు, అందరికీ ఇచ్చేది మతం ఉందని వీళ్ళకి ఆపకూడదని 2016 జనవరిలో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చాడు. అంటే అక్కడ మతం లేనోడితో సమానంగా ఇమ్మని మతం వాళ్ళు అడిగారు, ఇక్కడ గుడితో సమానంగా చూడమని లాడ్జి ఆయన అడుగుతున్నారు 😄

లంకలాడ్జి:
ఆయ్, నేనడిగేదీ అదేనండీ! పెద్దాయన గారూ, రోడ్డు గురించి ఒప్పుకుంటున్నా, నా గిరాకీ కూడా ఆ రోడ్డు మీదే వస్తుంది, కానీ గది గదే కదా. గుమస్తా గారు చెప్పాక రాత్రి రిజిస్టర్ తీసి కూడితే 21 లక్షల 40 వేలు తేలింది. మా ఆవిడ రెండు గదులు మూసేద్దాం అంటోంది.

ఆడిటర్‌గుమస్తా (భీమవరం):
మూయకండి బాబోయ్, 2027లో మళ్ళీ పుష్కరాలు.