రోడ్డు నుంచి 25 మైళ్లు లోపలికి ఉన్న ఇంటికి ఏ మంచుబండి కొనాలి?

తంగేడు:
అందరికీ నమస్కారం. మేము ఆరేళ్లుగా అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉంటున్నాము. ఇలియట్ హైవే నుంచి 25 మైళ్లు లోపల, ఒక ఏటికి అవతలి గట్టున చిన్న కర్ర ఇల్లు కొన్నాము. వచ్చే శీతకాలం నుంచి నేను, నా భార్య, ఎనిమిదేళ్ల మా అమ్మాయి అక్కడే ఉండబోతున్నాము. పెట్రోలు, సామాను, బియ్యం బస్తాలు అన్నీ మేమే చేరవేసుకోవాలి. ఒక పాత హెగ్లండ్స్ బీవీ206 (చక్రాల చుట్టూ తిరిగే పట్టాల, అంటే ట్రాక్‌ల, మీద నడిచే రెండు మూసిన పెట్టెల పెద్ద బండి) అమ్మకానికి వచ్చింది; ఇంచుమించు అదే డబ్బుకు రెండు కొత్త స్కీడూ స్కాండిక్‌లు (మోటారు సైకిల్‌లా ఎక్కి కూర్చునే చిన్న మంచుబండ్లు) కొనవచ్చు. ఏది మేలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

ఏటిగట్టు:
తంగేడు గారూ, నేను పన్నెండేళ్లుగా యూకాన్ నది పక్కన ఒక పల్లెలో బడిపంతులుగా ఉన్నాను. నా ఓటు రెండు స్నోమెషీన్లకే (స్కాండిక్‌ల వంటి బండ్లను ఇక్కడ అలాగే అంటారు; స్నోమొబైల్ అంటే మనల్ని కొత్తవాళ్లనుకుంటారు).

బండి ఏదైనా ముందు దారి వేసుకోవాలి. కొత్త మంచు పడిన మరునాడు ఖాళీ బండితో ఒకసారి వెళ్లి రండి. తొక్కిన ఆ మంచు రాత్రి చలికి గట్టిపడి తెల్లవారేసరికి గచ్చులా తయారవుతుంది. నిన్న నడుము లోతు దిగబడిన చోటే ఈరోజు బస్తాల స్లెడ్‌ను (మంచు మీద జారే చక్రాల్లేని బండిని) లాగవచ్చు. అలా వేసుకున్న దారి మీద 20 అంగుళాల వెడల్పు ట్రాక్ సరిపోతుంది. 24 అంగుళాలది మెత్తని మంచులో బాగా తేలుతుంది కానీ చెట్ల మధ్య మలుపు తిప్పేసరికి భుజాలు పడిపోతాయి.

అసలు భయం ఏటి దగ్గర. ఏటి మీది మంచుగడ్డ పైకి ఊరి, పై మంచు కింద దాగి ఉండే నీటిని ఇక్కడ ఓవర్‌ఫ్లో అంటారు. మూడేళ్ల కిందట నేను అందులో చిక్కుకున్నాను. వేగం తగ్గించకుండా ఉంటే దాటేసేవాడినే, కానీ భయపడి తగ్గించాను. బురదలాంటి మంచునీరు ట్రాక్‌లో నిండి, నేను బండిని పక్కకు వాల్చేలోపే బిగుసుకుపోయింది. గొడ్డలి మడమతో ఒక్కొక్క చక్రం చుట్టూ గడ్డను రాలగొట్టడానికి రెండు గంటలు పట్టింది. అది 300 కిలోల బండి కాబట్టి ఒక్కడినే వాల్చగలిగాను. నాలుగున్నర టన్నుల బీవీ206 దిగబడితే దాన్ని లాగడానికి ఇంకొక బీవీ206 కావాలి.

ఒక జాగ్రత్త: స్కాండిక్‌లలో నీటితో చల్లబడే ఇంజన్లకు ట్రాక్ ఎగజిమ్మే మంచే ప్రాణం. మంచు ఎగిరిపోయి నున్నటి గడ్డ మాత్రమే మిగిలిన చోట ఇంజన్ వేడెక్కుతుంది. అందుకని గడ్డను గీకి పొడి చిమ్మే కడ్డీలను తప్పక పెట్టించుకోండి.

చలిమంట:
పంతులు గారి మాటను కాదనను కానీ, ఆయన పాపను లెక్కలోకి తీసుకోలేదు. సున్నాకు 40 డిగ్రీలు దిగువన, జ్వరంతో ఉన్న పిల్లను తెరిచిన బండి మీద 25 మైళ్లు ఎలా తీసుకువెళ్తారు? 1934 జనవరిలో క్విబెక్‌లోని వాల్‌కోర్ట్‌లో స్కీడూను తయారుచేసిన జోసఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ రెండేళ్ల కొడుకు, మంచుతో దారులు మూసుకుపోయి ఆసుపత్రికి చేరలేక చనిపోయాడు. ఆయన ఆ తర్వాత తయారుచేసిన బీ7 ఏడుగురు కూర్చునే మూసిన బండి; తెరిచిన స్కీడూ చాలా తర్వాత, 1959లో గానీ రాలేదు. బీవీ206లో వెచ్చగా కూర్చోవచ్చు, రెండు పెట్టెల నాలుగు ట్రాక్‌లూ తిరుగుతాయి, నీటిలోనూ తేలుతుంది. అయితే దాని స్టీరింగ్ పూర్తిగా హైడ్రాలిక్. పెట్టెల మధ్య గొట్టం పగిలితే బండి తిరగదు. గొట్టం మార్చడం, వెల్డింగు చేయడం మీకు చేతనైతేనే కొనండి. డీజిల్ ఇంజనుదైతే చలికాలపు ఒకటో నంబరు డీజిల్, ఇంజన్‌ను ముందుగా వేడిచేసే హీటరు, దానికి ఒక జనరేటరు కూడా ఖర్చులో కలుపుకోండి.

హిమపథం:
నేను భారత అంటార్కిటికా యాత్రలో మైత్రి కేంద్రంలో పనిచేశాను. అక్కడ పిస్టెన్ బుల్లీలు (ట్రాక్‌ల మీద నడిచే పెద్ద మంచుబండ్లు) ఎంత గట్టివైనా ఒంటరిగా బయటికి పంపేవారు కాదు. మీరు రెండు స్నోమెషీన్లు కొంటే ఒకే మోడల్‌వి కొనండి. డ్రైవ్ బెల్టు, స్పార్క్ ప్లగ్గులు రెండింటికీ ఒకటే అవుతాయి. ఆఖరికి ఒకదాన్ని విప్పి మరొకదాన్ని ఇల్లు చేర్చవచ్చు.

తంగేడు:
అందరికీ కృతజ్ఞతలు. నాకు వెల్డింగు రాదు కాబట్టి బీవీ206 ఆలోచన మానుకున్నాను. ఒకే మోడల్‌వి 20 అంగుళాల స్కాండిక్‌లు రెండు తీసుకుంటాను. చలిమంట గారన్నది కూడా మనసులో నాటుకుంది. పాప కోసం స్లెడ్ మీద కిటికీ ఉన్న చెక్కపెట్టె కట్టి లోపల దళసరి రగ్గులు పరచాలనుకుంటున్నాను. అలాంటిది కట్టినవారు ఎవరైనా ఉంటే, ఇంజన్ పొగ లోపలికి రాకుండా గాలి ఎటువైపు నుంచి వదలాలో చెప్పండి.