ముడతల్లో పౌడర్ పేరుకోకుండా మేకప్ ఎలా వేసుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. నాకు 58 ఏళ్లు. వైశాఖంలో మా చిన్నమ్మాయి పెళ్లి. వయసు కనబడితే ఏం పర్లేదు గానీ, పీటల మీద కూర్చున్నప్పుడు నీరసంగా కనబడకూడదని ఆశ.

బుగ్గల మీద మంగు, కళ్ల కింద నలుపు ఉన్నాయి. కాంపాక్ట్ పౌడర్ అద్దుకుంటే కాసేపటికే కళ్ల పక్క గీతల్లో పేరుకుని తెల్లటి చారలు తేలుతున్నాయి. మన ఉక్కకి పైపెదవి మీద చెమట పట్టి అక్కడ మాత్రం మొత్తం లేచిపోతోంది. మొన్న ఇక్కడి పార్లర్‌లో వేయించుకుంటే ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు!

మాయిశ్చరైజర్ బాగా ఇంకాక పల్చగా ఫౌండేషన్ రాసి, నలుపు మీద ముందు ఆరెంజ్ కరెక్టర్ (నలుపు తెలియకుండా చేసే నారింజ రంగు క్రీమ్), దానిపైన కన్సీలర్ (మచ్చల్ని కప్పే చర్మం రంగు క్రీమ్) వేళ్లతో అద్ది, పౌడర్ నుదురు, ముక్కుకే వేయమంది మా వదిన. నాకూ అది సబబే అనిపిస్తోంది. మరి చామనఛాయకి ఆ ఆరెంజ్ ఎంత ముదురుండాలి? మంగుకీ అదే పనికొస్తుందా? పౌడర్ బ్లష్ మానేసి క్రీమ్ బ్లష్ వాడితే ఈ ఎండల్లో నిలుస్తుందా? మీలో నా ఈడు వాళ్లు, శ్రీకాకుళం వైపు వాళ్లైనా సరే, ఏం వాడుతున్నారో కాస్త చెప్పండమ్మా.