పిల్లలు చేసిన నీటి పరీక్షను ఊరి గోడ మీద పెట్టాలా, ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగాలా?

సైన్స్ టీచర్, నల్లగొండ జిల్లా

మర్రిగూడ వైపు ఒక హైస్కూల్‌లో పనిచేస్తున్నాను. మా ఊరికి భగీరథ నల్లా వచ్చింది. కానీ నీళ్లు రాని రోజున, పొలం కాడ, ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతారు. అందుకే తొమ్మిదో తరగతి పిల్లలతో 14 బోర్ల నీళ్లలో, ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరైడ్ ఎంతుందో కిట్‌తో పరీక్ష చేయించాను. మందు చుక్కలు వేస్తే నీళ్లు గులాబీ రంగులోకి వస్తాయి. ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ ఆ రంగు పసుపుకు తిరుగుతుంది. ఆరు బోర్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినట్టు కనిపించింది.

పిల్లలు ఊరి పటం గీసి, ఆ బోర్ల దగ్గర ఎర్ర చుక్కలు, మిగతా వాటి దగ్గర ఆకుపచ్చ చుక్కలు పెట్టి పంచాయతీ గోడకు అంటించారు. మర్నాటికి పటం లేదు. ఊరి పరువు తీస్తున్నారని పెద్దమనుషులు బడికి వచ్చారు. నేను చేయించింది తప్పా? సూటిగా చెప్పండి.

ల్యాబ్ కెమిస్ట్, హైదరాబాద్

సార్, పరీక్ష చేయించడం మంచి పని. గోడకు అంటించడం తొందరపాటు. ఆ కిట్‌లో మనం అంకె చదవం, రంగును రంగుతో పోల్చి చూస్తాం. ఎండలో చూసిన పిల్లకు 1.5 అనిపించింది, ట్యూబ్‌లైట్ కింద చూసిన పిల్లాడికి 2 అనిపిస్తుంది. నీళ్లలో క్షారత ఎక్కువున్నా, సల్ఫేట్లున్నా ఆ రంగును నమ్మలేం. మేం ల్యాబ్‌లో బఫర్ (మిగతా లవణాలు అడ్డురాకుండా చేసే మందు) కలిపి, ఫ్లోరైడ్‌ను అంకెలో చూపే ఎలక్ట్రోడ్‌తో కొలిచేది ఇందుకే.

ఎర్ర చుక్క తప్పయితే ఒక రైతుకు నాలుగు రోజులు టెన్షన్, అంతే. ఆకుపచ్చ చుక్క తప్పయితే? బడి పిల్లలే బాగుందన్నారని ఆ ఇంట్లో చంటిపిల్లకు కూడా అవే నీళ్లు పడతారు. నా భయమంతా దాని గురించే.

కనిగిరి అక్క

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు కిట్ వాడటం నేర్పుతున్నారు. వాళ్లలో నేనొకదాన్ని, పదో తరగతి చదివాను. ప్రభుత్వమే మా చేతికి కిట్ ఇచ్చినప్పుడు సైన్స్ టీచరు పక్కనుండగా పిల్లలు చేస్తే పనికిరాదా?

ఇంకో మాట. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి డాక్టర్లు మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్లను చూసి. అంతకుముందే ఎద్దులు కాళ్లు బిగిసి అరక లాగలేకపోతున్నాయని రైతులు గమనించారు. రిపోర్టు వచ్చేదాకా ఆగుదామని వాళ్లు నోరు మూసుకుని ఉంటే, డాక్టర్లకు చెప్పేదెవరు?

నల్లగొండ కుర్రాడు, ఇప్పుడు పుణెలో

అక్కా, మీ మాట సరే. నేను పుట్టింది ఆ ఊళ్లలోనే. మా ఊరికి పిల్లనిచ్చేది లేదని మొహం మీదే చెప్పిన వాళ్లున్నారు. మా మేనత్తకు నడుము వంగిపోయి, నిటారుగా నిలబడి ఆకాశం చూసి ఎన్నేళ్లయిందో. ఆమెను ఫొటో తీసుకోవడానికి వచ్చిన వాళ్లు చాలామంది, తిరిగి వచ్చిన వాళ్లు లేరు. మళ్లీ ఒక పటం, మళ్లీ ఎర్ర చుక్కలు అంటే పెద్దమనుషులకు కోపం ఎందుకొచ్చిందో నాకర్థమవుతుంది. ఆ కోపం తప్పే, కానీ ఉత్తినే రాలేదు.

ఒక అడ్వొకేట్

చట్టం సంగతి కూడా చూడండి. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీ వ్యర్థ జలాల నమూనా కోర్టులో నిలవాలంటే కాలుష్య నియంత్రణ బోర్డు అధికారి నోటీసిచ్చి, అక్కడి వాళ్ల ముందే రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు తీసుకోవాలి. పిల్లల సీసా ఆ లెక్కలోకి రాదు. అయితే మీ ఊళ్లో ఫ్లోరైడ్ వచ్చేది గ్రానైట్ రాతిలోంచి. దోషి ఎవరూ లేని చోట కేసు మాటే లేదు, జనానికి తెలియడమే కావాలి.

ల్యాబ్ కెమిస్ట్, హైదరాబాద్

అక్క మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అమెరికాలో ఫ్లింట్ అనే ఊరుంది. 2015లో వర్జీనియా టెక్ వాళ్లు అక్కడి ఇళ్లకు నీళ్లు పట్టే సీసాల కిట్లు సుమారు 300 పంచారు. నల్లా నీళ్లు పట్టింది జనం, సీసం కొలిచింది యూనివర్సిటీ ల్యాబ్. నీళ్లు బాగానే ఉన్నాయన్న అధికారుల మాట అప్పుడు తేలిపోయింది. మీ పిల్లలు కూడా పట్టేది పట్టండి, కొలిచేది మాకు పంపండి.

రెండు సంగతులు చెప్తాను. ఫ్లోరైడ్ నమూనా గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ సీసాలోనే పట్టండి. రెండోది, 1.5 గీతను అందరూ తప్పుగా వాడుతున్నారు. మన ప్రమాణం 1.0. వేరే నీళ్లు దొరకనప్పుడే 1.5 వరకు ఒప్పుకుంటారు. మీకు నల్లా నీళ్లు ఉన్నాయి కాబట్టి 1.2 ఉన్న బోరుకు కూడా ఆకుపచ్చ చుక్క పెట్టకూడదు.

కనిగిరి అక్క

ఈ 1.0 సంగతి మాత్రం పెద్దక్షరాలతో రాయించండి సార్. మా దగ్గర చాలామంది పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి, అంకె తక్కువొస్తే మంచి నీళ్లే అంటారు. అది లవణాలన్నీ కలిపి చూపిస్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు. కాచి తాగితే పోతుందనుకునే వాళ్లూ ఉన్నారు. కాస్తే నీళ్లు ఇగిరిపోతాయి గానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు.

సైన్స్ టీచర్, నల్లగొండ జిల్లా

అందరికీ దండాలు. ఆకుపచ్చ చుక్క విషయంలో నాదే తప్పు. ఎనిమిది బోర్లకు ఆకుపచ్చ పెట్టించాను, అందులో మూడు 1.0కీ 1.5కీ మధ్యలో ఉన్నవే. ఆ మూడిళ్లకు నిన్న సాయంత్రం నేనే వెళ్లి చెప్పి వచ్చాను.

పటం మాత్రం మళ్లీ పెడతాం. ఈసారి ఆకుపచ్చ ఉండదు. 1.0 దాటిన బోర్లకు ఎరుపు, మిగతా వాటికి ‘ల్యాబ్‌లో చూడాలి’ అన్న మాట ఉంటుంది. ఒక్కో బోరు రంగును ముగ్గురు పిల్లలు వేర్వేరుగా, పగటి వెలుతురులో చదివి, మూడు అంకెలూ రాస్తారు. అంటించే ముందు పుణె తమ్ముడు చెప్పింది గుర్తుపెట్టుకుని, ఎర్ర చుక్క పడే ఇళ్ల వాళ్లకు మేమే చెప్తాం. పటం మీద బోరు నంబరే ఉంటుంది, పేర్లు ఉండవు.

సోమవారం 14 ప్లాస్టిక్ సీసాలతో హైదరాబాద్ బస్సెక్కుతున్నాను. కెమిస్ట్ గారూ, ఎన్ని గంటలకు రమ్మంటారు?