రెగ్యులేటర్ ఖర్చు కంపెనీలే కడితే ఇక వాళ్ళని అడిగేదెవరు?

ఫ్యూజ్‌వైర్:
ఒక డౌట్ అండి. కరెంటు, గ్యాస్, నీళ్ళ కంపెనీలు జనం దగ్గర ఎంత వసూలు చేయొచ్చో తేల్చడానికి రెగ్యులేటర్ ఉంటుంది కదా. దాని ఖర్చు, అంటే స్టాఫ్ జీతాలు, లాయర్లు, కన్సల్టెంట్లు, అదంతా చాలా చోట్ల ఆ కంపెనీల దగ్గరే ఫీజుగా తీసుకుంటారట. ఉప్పు తిన్నాక ఇంక గట్టిగా ఏం మాట్లాడతారు? రేటు పెంచం పొమ్మంటే మేం ఫీజు కట్టం పొమ్మంటారేమో? ప్రభుత్వమే బడ్జెట్‌లోంచి ఇచ్చేస్తే ఈ గొడవే ఉండదు కదా. తెలిసినవాళ్ళు చెప్పండి. "అందరూ అమ్ముడుపోయారు" టైపు రిప్లైలు మాత్రం వద్దు ప్లీజ్, అవి పక్క థ్రెడ్‌లో బోలెడున్నాయి.

టారిఫ్_పురుగు:
కట్టం అనడానికి అదేం చందా కాదండీ. చట్టం ప్రకారమో లైసెన్స్ షరతు ప్రకారమో కట్టి తీరాలి, ఎంత కట్టాలన్నది కంపెనీ చేతిలో ఉండదు. అమెరికాలో కరెంటు, గ్యాస్‌కి కేంద్ర స్థాయి రెగ్యులేటర్ ఫెర్క్ ఉంది చూడండి, 1986లో చేసిన చట్టం ప్రకారం తన ఖర్చు మొత్తం కంపెనీల నుంచి వార్షిక చార్జీలు, ఫీజుల రూపంలో రాబట్టాలి. కానీ ఆ డబ్బు ఖజానాకి పోతుంది, ఫెర్క్ ఏడాదికి ఎంత ఖర్చు పెట్టుకోవచ్చో కాంగ్రెస్ చెప్తుంది. అంటే కట్టేది ఒకళ్ళు, ఎంతో తేల్చేది ఇంకొకళ్ళు, ఖర్చుపెట్టేది మూడోవాళ్ళు. బ్రిటన్‌లో కరెంటు, గ్యాస్ రెగ్యులేటర్ ఆఫ్‌జెమ్‌ది కూడా లైసెన్స్ ఫీజు పద్ధతే.

ఇంకోటి, ఫీజు వేరు ఫైన్ వేరు. ఆఫ్‌జెమ్ పెనాల్టీ వేస్తే ఆ డబ్బు సర్కారు ఖజానాకి పోతుంది, దాని సొంత ఖాతాలో పడదు. లేకపోతే బడ్జెట్ తక్కువైనప్పుడల్లా ఎవడో ఒకడికి ఫైన్ వేసేవాళ్ళు 😀

నెలకో_బిల్లు:
అసలు "కంపెనీ కడుతుంది" అనే మాట దగ్గరే తేడా ఉంది. కంపెనీ కట్టేది జేబులోంచి కాదు, ఆ ఫీజుని ఖర్చుల్లో రాసి టారిఫ్‌లో కలిపేస్తుంది, చివరికి కట్టేది బిల్లు కట్టే మనిషే. ఆఫ్‌జెమ్ వాళ్ళ ఫీజునైతే నెట్‌వర్క్ కంపెనీల (తీగలు, పైపులు నడిపేవాళ్ళ) లెక్కల్లో పాస్‌త్రూ అని నేరుగా రాస్తారు, అంటే ఎంతైతే అంత జనం మీదకే.

అయితే అది ఎంతో చూస్తే నవ్వొస్తుంది. టెక్సాస్‌లో చట్టంలోనే రాసుంది, కంపెనీ వసూళ్ళలో 1 శాతంలో ఆరో వంతు. అంటే 600 డాలర్ల వసూలు మీద 1 డాలర్. దీన్ని మిగిల్చుకోడానికి ఏ కంపెనీ రెగ్యులేటర్‌తో పేచీ పెట్టుకోదు, వాళ్ళ కన్నంతా మిగతా 599 మీద.

ఫ్యూజ్‌వైర్:
ఓకే, ఇది బానే ఉంది. మరి పెద్ద కంపెనీ చిన్న కంపెనీ ఒకేలా కడతాయా? గ్యాస్ వాళ్ళ కేసులకి నీళ్ళ వాళ్ళు కట్టడం అన్యాయం కదా

టారిఫ్_పురుగు:
ఒక్కో చోట ఒక్కోలా. నాకు నచ్చింది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం పద్ధతి. కమిషన్ (అంటే అక్కడి రెగ్యులేటర్) ఖర్చుని ముందు రంగాల వారీగా విడగొడతారు, కరెంటు కేసులకి ఎంత పోయింది, గ్యాస్‌కి ఎంత, నీళ్ళకి ఎంత అని, తర్వాత ఆ రంగంలో ఉన్న కంపెనీలకి వాళ్ళ రాబడిని బట్టి పంచుతారు. పైగా ఒక లిమిట్ పెట్టారు, ఎంత ఖర్చైనా ఈ కంపెనీలకి ఆ రాష్ట్రంలో వచ్చే మొత్తం రాబడిలో 0.3 శాతం దాటకూడదు. కమిషన్ ఇష్టమొచ్చినట్టు ఖర్చుపెట్టి బిల్లు కంపెనీల మీద పడేయకుండా అన్నమాట.

స్తంభం_నంబర్:
"ప్రభుత్వం ఇచ్చేస్తే గొడవుండదు" అన్నారు చూడండి, నా దృష్టిలో గొడవంతా అక్కడే మొదలవుతుంది. మన దగ్గర విద్యుత్ చట్టం 2003 తీసుకోండి, సెక్షన్ 86లో కమిషన్ ఫీజు వేయొచ్చని ఉంది, 103లో ఆ ఫీజులు, ప్రభుత్వ గ్రాంట్లు అన్నీ పడే ఒక ఫండ్ ఉండాలని ఉంది. బానే ఉంది కదా, కానీ 106 ప్రకారం కమిషన్ తన బడ్జెట్ తయారుచేసి రాష్ట్ర ప్రభుత్వానికే పంపాలి. చాలా రాష్ట్రాల్లో డిస్కమ్, అంటే ఇళ్ళకి కరెంటిచ్చే కంపెనీ, ఎవరిది? అదే ప్రభుత్వానిది. అంటే ఏ ఓనరు కంపెనీ రేట్లు తేల్చాలో ఆ ఓనరు ముందే ఖర్చుల లెక్క పెట్టుకోవాలి. ఎలక్షన్ల ముందు సర్కారుకి రేట్లు పెరగడం అస్సలు ఇష్టం ఉండదు, అలాంటప్పుడు గ్రాంటు మీదే బతికే కమిషన్ అయితే ఏం మాట్లాడుతుంది చెప్పండి. ఫీజు డబ్బు నేరుగా వచ్చి తన ఫండ్‌లో పడితే కనీసం ఆ ఒక్క పట్టు తప్పుతుంది. నా ఓటు ఫీజు పద్ధతికే.

నెలకో_బిల్లు:
+1. కంపెనీలు రెగ్యులేటర్ని లొంగదీసుకోవాలంటే ఫీజుతో పనే లేదు, వేరే దారులున్నాయి. లెక్కలన్నీ కంపెనీ దగ్గరే ఉంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఎంతకి కొన్నారు, దారిలో పోయే కరెంటు (లైన్ లాస్) ఎంత అనేది వాళ్ళు ఇచ్చిందే చూసుకోవాలి, దాన్ని పట్టి చెక్ చేయడానికి ఇంజినీర్లు, అకౌంటెంట్లు కావాలి, వాళ్ళకి జీతం కావాలి. ఫీజు తగ్గిస్తే ముందు ఊడేది ఈ చెకింగే. ఇక రిటైర్ అయ్యాక అదే కంపెనీలో కొలువు దొరికే సంగతి సరేసరి, అది ఏ పద్ధతిలో డబ్బిచ్చినా ఆగదు, దానికి వేరే రూల్ ఉండాలి.

ఫ్యూజ్‌వైర్:
మరి విచారణ అప్పుడు కంపెనీ తరఫున పది మంది లాయర్లు వస్తారు, వాళ్ళ ఫీజు కూడా మన బిల్లులోంచే. జనం తరఫున మాట్లాడేవాడు మాత్రం సెలవు పెట్టుకుని సొంత ఖర్చుతో రావాలా?

టారిఫ్_పురుగు:
కాలిఫోర్నియాలో దీనికి ఒక ఏర్పాటుంది. వినియోగదారుల తరఫున వాదించే సంస్థలు రేట్ల కేసుల్లో పాల్గొని, వాళ్ళ వాదన వల్ల తీర్పులో నిజంగా ఏమైనా తేడా వచ్చిందని కమిషన్ ఒప్పుకుంటే, వాళ్ళ లాయర్ ఫీజు, ఎక్స్‌పర్ట్ ఫీజు ఆ కంపెనీయే కట్టాలి. కంపెనీ మళ్ళీ దాన్ని రేట్లలో కలుపుకుంటుంది అనుకోండి. అయినా రెండు వైపుల లాయర్లకీ డబ్బు మనదే అయినప్పుడు, మన వైపు కూడా ఒకడు నిలబడితే నష్టమేం లేదు. ఇక్కడి విచారణల్లో కూడా అభ్యంతరాలు రాసిచ్చి మాట్లాడొచ్చు, పబ్లిక్ నోటీసులో చివరి తేదీ ఉంటుంది చూడండి.