సినిమా మనదని దేన్ని బట్టి అంటాం: యాసని బట్టా, కథని బట్టా?

బొంకులదిబ్బ (విజయనగరం)

నా అభిమాన సినిమా ఏదని ఎవరడిగినా పదేళ్ళుగా ఒకటే చెబుతున్నాను: 1955 నాటి కన్యాశుల్కం. రెండో స్థానం ఎప్పటికప్పుడు మారుతుంటుంది, మొదటిది మారదు. మొన్న ఆదివారం అయ్యకోనేరు గట్టు మీద ఇదే మాట అంటే మా బామ్మర్ది పడీ పడీ నవ్వాడు. "బావా, అందులో ఒక్కడైనా మనలా, మన ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడతాడా? మన సినిమా అంటే తండేల్" అన్నాడు. ఆ మాట ఇంకా బుర్రలోంచి పోలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

తండేల్ బాగోలేదని నేననను. 2025 ఫిబ్రవరిలో విడుదలైన వారంలోనే చూశాను. సముద్రం బాగుంది, పాటలు బాగున్నాయి, సాయిపల్లవి ఏడిస్తే నేనూ కళ్ళు తుడుచుకున్నాను. నా పేచీ యాసతోనే. నాగచైతన్య కష్టపడ్డాడు, ఆ కష్టం తెర మీద కనిపిస్తోంది, నా ఇబ్బందీ అదే. "ఏటి", "నేదు", "వచ్చీసినాను" లాంటి మాటలు ఎవరైనా నేర్చుకోవచ్చు. వాక్యం చివర గొంతు సాగి, కాస్త పైకి లేచి ఆగుతుంది చూడండి, ఆ లాగుడు పట్టుకోవడం కష్టం. నా చెవికైతే హీరోకి కోపమొచ్చినప్పుడల్లా యాస హైదరాబాద్ వెళ్ళిపోయింది, ప్రేమ సీన్లలో తిరుగు బస్సెక్కి శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగింది.

కన్యాశుల్కంలో ఈ గోల లేదు. గిరీశం వేసిన రామారావుది కృష్ణా జిల్లా, మధురవాణి వేసిన సావిత్రిది గుంటూరు జిల్లా, ఎవరూ మన యాస కోసం పాకులాడలేదు. కానీ ఆ మాటల కట్టు గురజాడది. సినిమాకి మూలమైన ఆయన నాటకం మొదటిసారి ఆడింది 1892లో, మన ఊళ్ళోనే. మొదటి రంగం మొదలయ్యేది బొంకులదిబ్బ దగ్గర. కోట ముందు నుంచి రోజూ బండి మీద పోతూ నేను హారన్ కొట్టే చోటు అది. మధురవాణి రామప్ప పంతుల్ని మాటల్లో పెట్టి ఆడించే తీరు చూడండి. ఎగతాళి చేస్తోందో గౌరవిస్తోందో అవతలివాడికి తెలియనివ్వని ఆ మర్యాద మన పాత ఇళ్ళలో నేను విన్నదే. సావిత్రికి అది ఎలా పట్టుబడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మూడులాంతర్లు

పాటని మర్చిపోయారు గురువుగారూ. ఆ సినిమాలో "ఆనందం అర్ణవమైతే" పాడిన సుశీల మన విజయనగరం ఆడపడుచు. సంగీతం ఘంటసాల, ఆయన చదువుకున్నది మన సంగీత కళాశాలలో. రాసిన శ్రీశ్రీది విశాఖ. అంటే ఆ పాట మొత్తం మనదే, కానీ మన యాస అందులో వెతికినా దొరకదు! ఇప్పుడేమంటారు?

పడవరేవు (ఎచ్చెర్ల వైపు)

బొంకులదిబ్బ అన్నా, మీ బస్సు జోకుకి నవ్వాను. తర్వాత కాస్త ఒళ్ళు మండింది. అదీ చెప్పేస్తాను.

మాది మత్స్యలేశం పక్క ఊరు. మా చిన్నాన్న పదకొండు సీజన్లు చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళాడు. మా శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. సరైన చేపల రేవు లేక మనవాళ్ళు దేశం ఆ చివరకి పోయి, గుజరాత్ యజమానుల పడవలెక్కి, ఏడెనిమిది నెలలు సముద్రం మీద ఉంటారు. 2018 నవంబర్‌లో పాకిస్తాన్ వాళ్ళు మనవాళ్ళున్న పడవలు పట్టుకున్నప్పుడు (తండేల్ కథకి మూలం అదే) చిన్నాన్న ఆ పడవల్లో లేడు కానీ వెరావల్‌లోనే ఉన్నాడు. ఆ వారమంతా మా ఇంట్లో ఫోన్ మోగితే అమ్మమ్మ ఎత్తేది కాదు. ఎవరైనా ఎత్తితే ఆ మొహం వైపు చూసేది. 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇరవై మందిని అప్పగించారు. టీవీలో వాళ్ళు గేటు దాటి నడిచొస్తుంటే మా వీధిలో ఎవరూ కూర్చుని చూడలేదు, అందరూ నిలబడే ఉన్నారు.

తండేల్‌కి మేం పద్నాలుగు మందిమి వెళ్ళాం, పిల్లలతో సహా. జైల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళని చూపిస్తున్నప్పుడు మా వరసలో పాప్‌కార్న్ చప్పుడు కూడా ఆగిపోయింది. హీరో "నేదు" సరిగ్గా అన్నాడా లేదా అని ఆ టైంలో నేనైతే వినలేదు.

ఇంకో సంగతి. తండేల్ (పడవ నాయకుడు) అనే మాటే మనది కాదు, ఆ గుజరాత్ తీరం నుంచి మనవాళ్ళు తెచ్చుకున్నది. చిన్నాన్న సీజన్ అయి ఇంటికొస్తే నెల రోజులు ఆయన మాటలో సగం గుజరాతీ, కొంత హిందీ. పిల్లలకి అర్థం కాక నవ్వేవారు. మీరు పరీక్ష పెడితే అసలు తండేలే ఫెయిలైపోతాడు.

సినిమా గురించి చిన్నాన్న అన్నది ఒకటే: "తండేలంటే పాటలు పాడీవోడనుకుంటన్నారు. డీజిల్ లెక్క, ఐసు లెక్క, సేపల లెక్క, ఖలాసీల తిండి లెక్క. ఏది తప్పినా ఓనరు తిట్టీది ఆణ్నే."

జీడిపిక్క

పలాస 1978ని ఒక్కరూ తలుచుకోలేదంటే మీ ఇద్దరి మీదా కేసు పెట్టాలి. 2020 మార్చి 6న వచ్చింది, అదే నెలలో కరోనాతో థియేటర్లే మూతపడ్డాయి. పాపం దాని రాత అలా ఉంది. "నక్కిలీసు గొలుసు" పాటకి మన పెళ్ళిళ్ళలో గెంతేవాళ్ళలో సగం మంది ఆ సినిమా చూసి ఉండరు. అందులో హీరో, అన్న, ఊరి పెద్దలు అందరూ మన మాటే మాట్లాడతారు. నవ్వించడానికి పెట్టిన పాత్రకి తగిలించిన యాస కాదది. రెండో సగంలో నరుక్కోవడాలు ఎక్కువయ్యాయి, ఒప్పుకుంటాను. అయినా నా ఓటు దానికే.

పాతప్రేక్షకుడు (విశ్రాంత ఉపాధ్యాయుడు)

బాబూ బొంకులదిబ్బా, నీ అభిరుచి మంచిదే కానీ ఒక పెద్ద తప్పు మీద దుప్పటి కప్పేశావు. నేను జె.వి.రమణమూర్తి గిరీశాన్ని, వాళ్ళన్నయ్య సోమయాజులు రామప్ప పంతుల్ని రంగస్థలం మీద చూసినవాణ్ణి. నాటకంలో చివరికి ఏమవుతుంది? సౌజన్యారావు పంతులు గిరీశాన్ని ఛీకొడతాడు, బుచ్చమ్మని పూనా విడోస్ హోముకి పంపుతానంటాడు. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది!" అనుకుంటూ పోవడమే గిరీశానికి మిగిలింది. సినిమాలో? గిరీశానికి బుచ్చమ్మనిచ్చి పెళ్ళి చేసి అక్షింతలు వేశారు! అబద్ధాలతో లేవదీసుకుపోయినవాడికి బహుమతి. నాటకం నడుం విరిచి పాటలు పెట్టిన సినిమా నీకు మొదటి స్థానమా?

మరొకటి. యాస యాస అంటున్నారు. నాటకంలో మన పల్లె మాట పలికేది ఎవరయ్యా? లుబ్ధావధాన్లు ఇంటి నౌకరు అసిరిగాడు. పేరులోనే అసిరితల్లి ఉంది. సినిమావాళ్ళని తిట్టే ముందు ఆ సంగతి కూడా చూసుకోండి.

జీడిపిక్క

మాస్టారూ, సోమయాజులుగారు పుట్టింది లుకలాం అగ్రహారంలోనే కదా. ఈ లెక్కన శంకరాభరణం కూడా శ్రీకాకుళం సినిమాయేనా? 😀

బొంకులదిబ్బ

మాస్టారూ, ముగింపు విషయంలో చేతులెత్తేశాను. అదే ఏడాది మిస్సమ్మలో జనం మెచ్చిన హీరోని ఇక్కడ ఒంటరిగా బయటికి గెంటడానికి ధైర్యం చాలలేదేమో, అది నా ఊహ. నేను ఆ సినిమా ఎప్పుడు చూసినా పెళ్ళి దగ్గరికొచ్చేసరికి లేచి టీ పెట్టుకుంటాను. చివరి పది నిమిషాలు పాడైతే మిగతా రెండు గంటల మధురవాణిని వదులుకోమంటారా? నావల్ల కాదు.

అసిరిగాడి సంగతి మాత్రం ఒప్పుకోను. గిరీశం, రామప్ప పంతులు మాట్లాడేది కూడా విజయనగరం మాటే. "వొచ్చాడు", "యేవిటి" అనే అగ్రహారపు పలుకు. యాస అంటే నౌకర్లదే అనుకోవడం మన పొరపాటు. గురజాడ ప్రతివాడి నోటికీ వేరే మాట ఇచ్చాడు.

పడవరేవు

సరే అన్నా. అంటే అగ్రహారం మాటని గుంటూరు ఆవిడ పలికితే మీకు ముద్దొచ్చింది. మా పేట మాటని హైదరాబాద్ అబ్బాయి పలికితే మార్కులు తీసేశారు. ఒకరికి "పాకులాడలేదు" అని మెప్పు, ఇంకొకరికి "కష్టపడ్డాడు" అని వంక. ఇదేం లెక్క?

బొంకులదిబ్బ

దీనికి జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది.

2009లో ఉద్యోగం కోసం హైదరాబాద్ వెళ్ళి ఒక హాస్టల్లో ఉన్నాను. మాది అగ్రహారం కాదు, గంట్యాడ వైపు రైతు కుటుంబం. నాది మీ మాటే. గదికి ఎవరైనా కొత్తవాళ్ళొస్తే మా రూమ్మేట్లు నన్ను పిలిచి "ఒరేయ్, 'లేదు' అనరా" అనేవారు. నేను "నేదు" అనేవాణ్ణి, వాళ్ళు మంచాల మీద పడి నవ్వేవారు. మొదట్లో నేనూ నవ్వాను. మూడు నెలల్లో ఆ మాట మానేశాను, ఇప్పుడు మా అమ్మతో ఫోన్లో మాట్లాడినా సరిగ్గా రాదు. తెర మీద ఎవరైనా "నేదు" అంటే నాకు కథ వినపడదు. ఎవరో నవ్వడానికి రెడీగా ఉన్నట్టుంటుంది. తప్పెక్కడా అని వెతుకుతూ కూర్చుంటాను. తండేల్‌కి నేనిచ్చిన మార్కుల్లో ఇది ఎంత ఉందో నాకే తెలియదు.

అలాగని ఆ కోపం సీన్లలో యాస జారలేదని మాత్రం అనను.

పడవరేవు

జారింది. మా అత్త కూడా అదే అంది. మీ మీద కోపంతో రాయలేదంతే.

మూడులాంతర్లు

చిన్నాన్నగారికి ఒకసారి కన్యాశుల్కం చూపించమ్మా. ఆయన తీర్పుతో ఈ పంచాయితీ ముగించేద్దాం.

పడవరేవు

నిన్న రాత్రి ఫోన్లో పెట్టాను. మధురవాణి రామప్ప పంతుల్ని ఆట పట్టించే చోట మూడుసార్లు వెనక్కి తిప్పించుకున్నాడు. "ఈ గుంటకి (పిల్లకి) బలే నోరుంది" అన్నాడు. పెళ్ళి దాకా మాత్రం రాలేదు, ముందే నిద్రపోయాడు.

పాతప్రేక్షకుడు

అదృష్టవంతుడు.