అప్‌డేట్: ఏడాది యోగా లక్ష్యం, మణికట్టు నొప్పి సంగతి తేలింది

వచ్చే రథసప్తమికి ఒకే పూట 108 సూర్యనమస్కారాలు చేయాలనుకుంటున్నాను, మొదలుపెట్టగానే మణికట్టు నొప్పి, లక్ష్యం మానుకోవాలా అని సంక్రాంతి తర్వాత అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

నెల్లూరులో ఫిజియోథెరపిస్టుకి చూపించాను. ఎముకకీ నరానికీ ఏమీ కాలేదన్నారు. అక్కడే పర్వతాసనం (అరచేతులు, పాదాలు నేలకు ఆనించి నడుము పైకెత్తే భంగిమ) వేయించి చేతులు చూశారు. బరువంతా మణికట్టు పక్కన, అరచేతి మొదట్లోనే పడుతోంది. చూపుడు వేలి మొదలు నేలకు ఆనకుండా పైకి లేస్తోంది. వేళ్లు బాగా విడదీసి, ఆ వేలి మొదలు గట్టిగా నొక్కి, నడుముని వెనక్కి పైకి లాగమన్నారు. అప్పటికప్పుడే భారం తగ్గింది, కొన్ని వారాల్లో నొప్పి పోయింది.

జవాబుల్లో వచ్చిన మందం మ్యాట్ సలహా నా విషయంలో పనికిరాలేదు. మెత్తటి దాంట్లో అరచెయ్యి ఇంకా దిగబడింది. కాల్షియం మాత్రలూ అక్కర్లేదని ఫిజియోథెరపిస్టు అన్నారు.

లక్ష్యం గురించి మాత్రం 'అంకె కాదు, రోజూ అరగంట పెట్టుకోండి' అన్న మీ సలహా చాలా బాగా పనిచేసింది. రోహిణి కార్తెలో మా కావలి ఉక్కపోతకి తెల్లవారుజామునే చెమటలు. ఆ రోజుల్లో ప్రాణాయామం, శవాసనంతో సరిపెట్టినా అరగంట తప్పలేదు. 108 కూడా వదల్లేదు. 12 చొప్పున తొమ్మిది విడతలు, మధ్యలో ఊపిరి కుదుటపడేదాకా ఆగి చేస్తున్నాను.

నొప్పితో పాటు వేళ్లలో తిమ్మిరి కూడా ఉంటే ఇవేవీ ప్రయత్నించకుండా ముందు డాక్టరుకి చూపించండి.